మా నర్సరీ ఆఫీసు వరసలు

నేను ఎంబీఏలో మనుషులతో ఎలా పని చేయించాలో చదువుకున్నాను. ఆ చదువుకు తగ్గట్టే పామాయిల్ మొక్కలు పెంచే కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఏన్కూరు దాటాక రోడ్డు అడవి పక్కకు జరిగే చోట మా నర్సరీ ఉంటుంది. ముందు రెండు గదుల రేకుల ఆఫీసు, వెనక ఆకుపచ్చ నీడ వల, ఆ వల కింద నల్ల సంచుల్లో వేల మొక్కలు. రోడ్డు మీద బొగ్గు లారీ పోయినప్పుడల్లా ఆఫీసు కొంచెం వణుకుతుంది. పని ఒత్తిడి అంటే మాకు తెలిసింది అదొక్కటే.

జీతాలు, హాజరు, ఫిర్యాదులు నా చేతిలో ఉంటాయి. మొదటి రెండింటికీ రిజిస్టర్లు ఉన్నాయి. ఫిర్యాదులకు రిజిస్టర్ అవసరం రాలేదు. ఎందుకు రాలేదన్నదే ఇక్కడ చెప్పబోయే సంగతి.

మా దగ్గర మొక్కల పని చేసే ఆడవాళ్లందరికీ ఒక మేస్త్రమ్మ ఉంది. ఆదివారం చర్చిలో పాటలు ఆమే ఎత్తుకుంటుంది. మిగతా రోజులు అదే గొంతు మా మీద వాడుతుంది. ఎరువులు, పైపులు చూసే స్టోర్ కీపర్ ఉన్నాడు, పెద్దాయన. మాటలు కూడా స్టోరులో సరుకే అన్నట్టు ఆచితూచి బయటికి ఇస్తాడు. జీపు డ్రైవర్ కారేపల్లి వైపు తండా నుంచి వస్తాడు. హారన్ మీద ఉన్న నమ్మకం ఆయనకు బ్రేకు మీద లేదు.

కులాలు వేరు, మతాలు వేరు, ఊళ్లు వేరు. అయినా అందరికీ అందరితో ఏదో ఒక వరస ఉంది. కొత్త మనిషి ఉద్యోగంలో చేరితే మొదటి టీ అయిపోయేలోపు మేస్త్రమ్మ ఆయన ఊరు కనుక్కుంటుంది. ఆ ఊళ్లో తన వాళ్లను ఎవరినిచ్చారో, అక్కడి నుంచి ఎవరిని తెచ్చుకున్నారో తీగ లాగుతుంది. చివరికి ఆ మనిషి బావో, తమ్ముడో, అల్లుడో అయి టీ గ్లాసు కింద పెడతాడు. నేను ఆమెకు తమ్ముడిని. స్టోర్ కీపర్ ఆమెకు బావ. ఆ లెక్కన ఆయన నాకూ బావ కావాలి, కానీ ఇంకేదో దారిలో బాబాయ్ అయ్యాడు. ఈ లెక్కల్లో తప్పులున్నాయి. ఎవరూ ఆడిట్ చేయరు.

ఇది కాలక్షేపం కాదు. ఆఫీసు నడిచేదే దీని మీద. తప్పు ఎవరిది అన్నది మా దగ్గర రెండో ప్రశ్న. దాన్ని ఎవరు చెప్పాలి అన్నది మొదటిది. చిన్నవాడు చెబితే పెద్దరికం పోతుంది. అన్న చెబితే అది తిట్టు అవుతుంది. ఎదుటి మనిషికి మొహం మీద తప్పు చెప్పే హక్కు బావామరదళ్లకూ వదినామరదళ్లకూ మాత్రమే ఉంది, అదీ వేళాకోళం రూపంలో. ఒక వానాకాలం బాబాయ్ యూరియా బస్తాలను సరిగ్గా రేకు కారే చోట పెట్టించాడు. నేను చూశాను. చూసి, చెప్పాల్సిన మనిషికి చెప్పాను. మేస్త్రమ్మ స్టోరు గడప దగ్గర నిలబడి, "ఏం బావా, యూరియాకు తలస్నానం పోయిస్తున్నవా?" అంది. బస్తాలు సాయంత్రానికి జరిగాయి, ఎవరికీ నిద్ర చెడలేదు. తప్పు దిద్దే మాట సూటిగా, సమయానికి, స్పష్టంగా ఉండాలని మా పాఠ్యపుస్తకం చెప్పింది. మాది మూడింట్లో రెండు పాటించింది. ఫస్ట్ క్లాసే కదా.

అలాంటి ఆఫీసుకు మేనేజర్‌గా హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఒక సెంటరుకు తానే పెద్దగా ఉండటం ఆమెకు అదే మొదటిసారి. ఏడాది చూసి, బాగుంటే పర్మనెంట్ చేస్తారు. లేకపోతే వెనక్కి పిలుస్తారు. ఆమెకు ముందు వచ్చిన ఇద్దరు మహిళా మేనేజర్లు ఎండకో, కోతులకో, రెండిటికీ కలిపో సెలవు పెట్టి వెళ్లి మళ్లీ రాలేదు. అడవి పక్క సెంటర్లో ఆడవాళ్లు నిలవరని హెడ్డాఫీసు దాదాపు తీర్మానించుకుంది. ఆమె ఆ మాట నా దగ్గర దాచలేదు. "ఇక్కడ నిలబడకపోతే మళ్లీ ఎవరో ఒకరి కింద కంప్యూటర్ ముందు కూర్చోవాలి. నాకు అది వద్దు. నాకు ఇక్కడే కావాలి" అంది. మా నర్సరీని కావాలని కోరుకున్న మనిషిని నేను అదే చూడటం.

మొదటి రోజే ఆమె అందరినీ కూర్చోబెట్టి ఒక నియమం పెట్టింది. ఆఫీసులో అన్న, అక్క, బావ, మామ ఉండకూడదు. అందరూ పేర్లతో పిలుచుకోవాలి, తనను కూడా. చుట్టరికం ఉన్న చోట పక్షపాతం ఉంటుందని, మనమంతా సమానమని చక్కగా వివరించింది. అందరూ శ్రద్ధగా విని, అట్లనే అన్నారు.

ఆమె పేరు పెట్టి పిలవడం ఎవరి వల్లా కాలేదు. మేడం అందామంటే అదీ వద్దంది. దాంతో పిలవడమే మానేశారు. బాబాయ్ గుమ్మం దగ్గర నిలబడి దగ్గేవాడు. పాపం ఆమె ఒకసారి ఆయనకు దగ్గు మందు తెప్పించింది. డ్రైవర్ ఆమెతో పనిపడితే జీపు దగ్గరికి వెళ్లి హారన్ కొట్టేవాడు. మేస్త్రమ్మ మొక్కలతో మాట్లాడటం మొదలుపెట్టింది. మేనేజర్ అటుగా నడుస్తుంటే వంగి ఒక సంచిని పట్టుకుని, నీకు నీళ్లు సాలుతలేవు గద బిడ్డా, వినేటోళ్లుంటే వింటరు అనేది.

సోమవారం సోమవారం ఒక మీటింగు కూడా పెట్టింది. ప్రతి మనిషీ పక్క మనిషిలో ఒక మంచి, ఒక లోపం అందరి ముందు చెప్పాలి. ఎవరి చూపు వాళ్ల చెప్పుల మీద పడింది. ఆఖరికి డ్రైవర్ లేచి అందరూ మంచివాళ్లేనని ప్రకటించి కూర్చున్నాడు. ఆమె మొహంలో సంతోషం చూసి నాకే జాలేసింది. ఒక్క లోపం కూడా లేని ఆఫీసుకు వచ్చానని నమ్మింది.

ఆ నమ్మకంతోనే మొక్కల పంపిణీ ఆదివారం పెట్టింది. రైతులకు ఆదివారం వీలుగా ఉంటుందని ఎక్కడో విన్నదట. మేస్త్రమ్మతో సహా మొక్కలు మోసే ఆడవాళ్లలో ముప్పాతిక మంది ఆదివారం పొద్దున చర్చిలో ఉంటారు. మిగతా వాళ్లకు ఆదివారం సంత. ఆ సంగతి ఆమెకు తప్ప ఈ చుట్టుపక్కల చెట్లకు కూడా తెలుసు. వస్తారు కదా అని అడిగింది. అట్లనే అన్నారు. మా వైపు పెద్దవాళ్లు అడిగిన దానికి కాదు అనడం మర్యాద కాదు. రాకపోవడం వేరే విషయం.

ఆదివారం ట్రాక్టర్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. లోపల ఆమె ఉంది, నేను ఉన్నాను. హాజరు తీసుకోవడం చాలా తేలికైంది. ఇద్దరం రైతులతో పాటు మొక్కలు మోశాం. ఏడాది పెరిగిన పామాయిల్ మొక్క మట్టితో కలిపి ఎంత బరువుంటుందో నాకు అంతకుముందు కాగితం మీదే తెలుసు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆమె ఒక సంచి మీద కూలబడి, వాళ్లు రారని మీకు తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. మరి నాతో ఒక్కరైనా ఎందుకు చెప్పలేదంది.

"చెప్పే వరస ఎవరికీ లేదు" అన్నాను.

ఆమె చేతులకు అంటిన మట్టిని చూసుకుంది. తర్వాత మా ఆఫీసు ఎలా నడుస్తుందో, యూరియా తలస్నానంతో సహా, చెప్పించుకుంది.

మర్నాడు టీ దగ్గర ఆమే వచ్చి కూర్చుంది. మేస్త్రమ్మకు అంతకంటే పిలుపు అక్కర్లేదు. ఏ ఊరని అడిగింది. హైదరాబాద్ అంది ఈమె.

"హైదరాబాదు ఊరు గాదు, బస్టాండు. అసలు ఊరేంది?"

నాన్నగారిది మధిర దగ్గర పల్లె అని తెలిసింది. ఆ పల్లెలోనే మేస్త్రమ్మ వాళ్ల అక్కను ఇచ్చారు. ఇక ఆ ఊరి ఆడపిల్లలంతా ఆమెకు మరదళ్లే. ఆ లెక్క అక్కడితో ఆగలేదు. నేను మేస్త్రమ్మకు తమ్ముడిని కాబట్టి కొత్త మేనేజర్ నాకూ మరదలు కావాల్సి వచ్చింది. నేను అక్కడికక్కడే అప్పీలు చేసుకుని అన్నగా మారాను. ఇంట్లో నా భార్యకు హాస్యం ఇష్టమే. ఎంతవరకు ఇష్టమో పరీక్షించే ధైర్యం నాకు లేదు.

వరస కుదిరిందో లేదో మేస్త్రమ్మ హక్కు వాడుకుంది. "ఏం మరదలా, నిన్న మొక్కలన్నీ నువ్వే మోసినవంట. మా పొట్ట కొడదామనా? దేవుడి దినం నాడు మా తరఫున గూడ నువ్వే చెమటోడిస్తే ఇంక మాకు మోక్షమేముంటది?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కళ్లు ఎర్రబడ్డాయి, లేచి గదిలోకి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లి, మీకు ఈ రోజు రెండు సంగతులు అందాయి, ఒకటి ఆదివారం పని పెట్టొద్దని, రెండోది మీరు మా మనిషి అయ్యారని, ఏడుపు మొదటిదానికైతే సరే, రెండోదానికైతే తొందరపడుతున్నారు అన్నాను. ఆమె ముక్కు తుడుచుకుని, దానికి జవాబు ఏం చెప్పాలి అని అడిగింది. ఆ ప్రశ్నతో ఆమె ఇక్కడ నిలబడుతుందని నాకు అనిపించింది.

జవాబు మర్నాడు వచ్చింది. ఆమె రాత్రంతా తయారు చేసుకున్నట్టుంది, కొంచెం పుస్తకం వాసన వేసింది గానీ పనికొచ్చింది. "వదినా, నిన్ను చర్చిలో ముందు వరసలో ఎందుకు నిలబెడతారో తెలిసింది. వెనక గుమ్మం దగ్గర నిలబెడితే నీ గొంతు విని మణుగూరులో వాళ్లు కూడా ఇక్కడికే ప్రార్థనకు వస్తారట" అంది. మేస్త్రమ్మ ఆ మాటను తన ఆడవాళ్లందరికీ పేరు పేరునా చెప్పుకుంది. తనను అంత ప్రేమగా అవమానించిన మేనేజర్ అంతకుముందు రాలేదు.

తర్వాత ఆమె మాకంటే బాగా నేర్చుకుంది. స్టోరులో పైపులు చిందరవందరగా ఉంటే బాబాయ్‌ను ఏమీ అనేది కాదు. ఆయనకు వినిపించేంత దూరంలో వదినతో, పాములకు మంచి ఇల్లు దొరికింది అనేది. రైతుల ముందు మళ్లీ అందరికీ ఆమె మేడమే. లోపల పిలుపులు వేరు. సోమవారం మీటింగు ఎవరూ ఎత్తేయలేదు, అది టీలో కలిసిపోయింది. మొక్కలు ఆ ఏడు బాగా నిలిచాయి. నేను వాటిలో కొన్నిటిని స్వయంగా మోశాను కాబట్టి పక్షపాతం ఉండొచ్చు.

ఏడాది గడిచాక హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మా సెంటరు తనిఖీలన్నీ భద్రాచలంలో దర్శనానికి అనుకూలమైన రోజుల్లోనే పడతాయి, ఇది కూడా అంతే. మెత్తగా మాట్లాడే మనిషి, నుదుటి మీద అప్పుడే బొట్టు కూడా ఉంది. దిగీదిగగానే నన్ను పక్కకు పిలిచి, అమ్మాయిని ఉంచాలా వద్దా అన్నది సిబ్బంది మాటను బట్టే రాస్తానని, ఆ సంగతి వాళ్లకు చెప్పొద్దని, చెబితే మొహమాటపడి నిజం చెప్పరని అన్నాడు. ఆ తర్వాత నన్ను తన పక్క నుంచి కదలనివ్వలేదు. ఆమెను తోటల వైపు పంపించి, నీడ వల కింద కుర్చీ వేయించుకుని, మీ మేడం గురించి ఏమున్నా దాచకుండా చెప్పండి అన్నాడు.

నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే దాచకుండా చెప్పమన్నప్పుడు మావాళ్లు ఏం చెబుతారో నాకు తెలుసు.

మేస్త్రమ్మ కొంగు నడుముకు చుట్టి మొదలుపెట్టింది. "ఆమెతోని వేగలేం సారూ. అన్నం తినేకాడికి వచ్చి నా గిన్నెల పచ్చడి ఎత్తుకపోతది. పొద్దుగాల మాకంటె ముందే వచ్చి కూసుంటది. మేం లేటైతే ఏమన్నా అంటే బాగుండు, అనదు. గడియారం దిక్కు చూసి నవ్వుతది. ఆ నవ్వుకు రాత్రి నిద్ర పట్టదు."

ఆయన రాసుకున్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. సిబ్బంది భోజనం తీసుకొనుట అని రాసి కింద గీత కొట్టాడు.

డ్రైవర్ వంతు వచ్చింది. జీపులో పాటలు పెట్టనివ్వదన్నాడు. ఆయన సానుభూతిగా తల ఊపితే, ఆమే పాడుతుందన్నాడు. బాగా పాడదా అని అడిగితే, అదే కదా సార్ బాధ అన్నాడు. బాబాయ్ చాలాసేపు ఆలోచించి మాటల స్టోరు తెరిచాడు. లెక్కలు అడుగుతుందట, అడిగి మళ్లీ తన చేత్తోనే టీ పోస్తుందట, కోపం తెచ్చుకోవాలో వద్దో తేల్చుకోలేక తనకు రక్తపోటు వచ్చిందట. ఒక్కొక్కరి మొహం వెలిగిపోతోంది. ఇంతకంటే మంచి మాటలు ఒక మనిషి గురించి వాళ్లు చెప్పలేరు. ఆయన కలం మాత్రం ఆగడం లేదు.

చివరికి కళ్లజోడు తీసి నా వైపు తిరిగి, పరిస్థితి ఇంతవరకు వచ్చిందా అని నెమ్మదిగా అడిగాడు.

ఇక నేను లేచాను. చదువుకున్నవాడిని, ఆయన భాష కొంత వచ్చినవాడిని. చేతులు కట్టుకుని ఆమె సమయపాలన గురించి, నాయకత్వం గురించి, రైతులతో ఆమె ఓపిక గురించి వరసగా చెప్పుకుంటూ పోయాను. అలాంటి అధికారి దొరకడం మా సెంటరు అదృష్టమన్నాను. ఆయన మొహం కొంచెం తేలికపడింది. కానీ నా వెనక నవ్వులు ఆగిపోయాయి. తిరిగి చూస్తే బాబాయ్ భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. డ్రైవర్ తల దించుకున్నాడు.

మా దగ్గర ఒక మనిషిని నిలబడి మెచ్చుకునే సందర్భాలు రెండే ఉన్నాయి. ఒకటి బదిలీ. రెండోదాంట్లో ఆ మనిషి వినే స్థితిలో ఉండడు. బతికుండి మన మధ్య తిరిగే మనిషిని ఎదుట పొగిడితే దిష్టి. వెనక పొగిడితే వదిలించుకుంటున్నట్టు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ ఆ క్షణంలో నాకు ఎంబీఏనే గుర్తొచ్చింది.

"ఎప్పుడు పోతున్నది?" అంది మేస్త్రమ్మ.

ఎవరమ్మా అన్నాడాయన.

"నా మరదలు. తమ్ముడు దండలేసేటోని లెక్క మాట్లాడుతుండు. ఆర్డర్ వచ్చిందా?"

ఆయన ఏదో చెప్పేలోపే గేటు దగ్గర స్కూటీ ఆగింది. మేస్త్రమ్మ మొక్కల మధ్య నుంచి విసవిసా నడిచి ఎదురెళ్లింది. మేమంతా వెనకాల. మేనేజర్ ఇంకా హెల్మెట్ కూడా తీయలేదు.

"పోతున్నవంట గద. ఒక్క మాట నాతోని చెప్తే నీ నోరు అరుగుతదా? పరాయి దాన్ని అయిననా నేను?"

మేనేజర్ ఆమెను చూసి, వెనక కాగితాలు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషిని చూసింది. తీసిన హెల్మెట్ చేతిలోనే ఉండిపోయింది. ఆ మొహంలో రంగు పోవడం నేను చూశాను. ఏడాది కష్టం తేలిపోయిందనుకుంది. "నాకు తెలియదు వదినా. నాకెవరూ చెప్పలేదు" అంది. వదినకు అది చాలు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పని చేసుకునే ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు.

పెద్దమనిషి కంగారుపడ్డాడు. ఎవరూ ఎక్కడికీ పోవడం లేదని, ఏ ఆర్డరూ రాలేదని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అంత గట్టిగా ఆయన చాలా రోజులుగా మాట్లాడినట్టు లేదు, దగ్గు వచ్చింది.

మేస్త్రమ్మ కొంగు దించి ఆయన చేతిలో కాగితాల వైపు చూసింది. "మరి ఇందాక నుంచి ఏందో రాసుకుంటున్నవ్ సారూ. కొట్టెయ్ అదంత."

"మీరే కదమ్మా చెప్పారు."

"మా మనిషిని మేం అంటం. నువ్వు రాసుకుంటవా?"

ఆయన కాగితం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను మొక్కల వైపు చూశాను. అప్పటికి మేనేజర్‌కు మొత్తం అర్థమైంది. మొహం కడుక్కుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. సరే, సిబ్బంది గురించి మీరేం చెబుతారని ఆయన అడిగాడు. ఆమె ఊపిరి పీల్చుకుని, వీళ్లతో వేగలేకపోతున్నాను సార్ అని మొదలుపెట్టి, వదిన పచ్చడిలో ఉప్పు దగ్గర్నుంచి డ్రైవర్ హారన్ దాకా ఒక్కటీ వదలకుండా చెప్పింది. చుట్టూ నిలబడ్డవాళ్లు ఒకరినొకరు పొడుచుకుంటూ నవ్వారు. ఆయన ఈసారి ఒక్క ముక్క రాయలేదు. కలం జేబులో పెట్టుకుని విన్నాడు. మధ్యాహ్నం మాతోనే తిన్నాడు. ఉప్పు సంగతి నిజమేనని ఒప్పుకున్నాడు.

కొన్నాళ్లకు హెడ్డాఫీసు నుంచి నాకు ఫోను వచ్చింది. ఆయనే. ఉత్తరువు సిద్ధం చేస్తున్నాడట, అందులో సిబ్బంది చెప్పిన మంచి మాట ఒక్కటైనా ఉండాలట. నాది పనికిరాదన్నాడు, అది పాఠంలా ఉందట. ఆ మేస్త్రమ్మ చేత ఒక్క మాట చెప్పించండి చాలు అన్నాడు.

ఫోను పట్టుకుని నీడ వల కిందికి వెళ్లాను. మేస్త్రమ్మ పాడైన మొక్కలు ఏరి పక్కన పెడుతోంది. సంగతి చెప్పాను. తల ఎత్తకుండానే, "ముందు ఆమె ఉంటదా పోతదా, ఆ ముచ్చట చెప్పుమను" అంది. స్పీకర్ పెట్టి ఉంచాను కాబట్టి ఆయనే జవాబిచ్చాడు. ఉంటుందమ్మా, ఇక్కడే ఉంటుంది, అది ఖాయం అన్నాడు.

"గట్లయితే ఆమె గురించి మంచిమాట చెప్పేది నా దగ్గర ఏం లేదు సారూ" అంది మేస్త్రమ్మ. ఇంకో మొక్క సంచిని పైకెత్తి వేళ్లు చూడసాగింది.

అవతల కలం మూత తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత, సరేనమ్మా, అదే రాసుకుంటాను అని ఆయన ఫోను పెట్టేశాడు.